మీటరు ముల్లు పడితే ఇంజన్ దింపాల్సిందేనా?

పాత లారీకి రెండు జబ్బులు తరచూ జంటగా వస్తాయి. బండి దూరం నడిచి, ఇంజన్ బాగా వేడెక్కాక స్లోలో పెట్టగానే ఆయిల్ ప్రెషర్ ముల్లు అడుగుకు జారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇంజన్ వణకడం మొదలుపెడుతుంది. క్యాబిన్ అద్దాలు గలగలమంటాయి, గేరు రాడ్డు ఊగిపోతుంది, సీటు కింద దడదడ. డ్రైవరు ఓనరుకు ఫోన్ చేస్తాడు, ఓనరు మేస్త్రికి చేస్తాడు. మేస్త్రి బండి ముఖం చూడకముందే తీర్పు ఫోన్లోనే వచ్చేస్తుంది: "బేరింగులు పోయినట్టే. బోరు కూడా అయిపోయుంటుంది. ఇంజన్ దింపేద్దాం, తీసుకొచ్చేయండి."

ఆ తీర్పు నిజమైన సందర్భాలు లేకపోలేదు. ఇబ్బందల్లా అది విచారణ లేకుండా వచ్చిన తీర్పు కావడమే. విజయవాడ ఆటోనగర్లో, గాజువాకలో, హైదరాబాద్ ఆటోనగర్లో శబ్దం విని ఏ సిలిండరు మొరాయిస్తోందో చెప్పగల మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పనితనానికి వంక పెట్టడానికి లేదు. అయితే అంత చెవి ఉన్నవాళ్లు కూడా మీటరు పెట్టి కొలవడాన్ని చిన్నతనంగా చూస్తున్నారు. కొలవమని అడిగే ఓనర్లు మరీ అరుదు. ఈ అలవాటుకు మూల్యం చెల్లిస్తున్నది మాత్రం ఒక్క లారీ మీద సంసారం నడుపుకునే చిన్న ఓనరు.

రోడ్ల మీద ఇంకా తిరుగుతున్న టాటా 1613ను తీసుకుందాం. ఈ మోడల్లో చాలా బండ్లకు ఉన్నది ఆరు సిలిండర్ల, 5.9 లీటర్ల కమ్మిన్స్ 6బీటీ ఇంజన్. 1993లో ఏర్పడిన టాటా కమ్మిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో వీటిని తయారు చేసింది. అమెరికాలో 1989 నుంచి డాడ్జ్ పికప్పులకు ఎక్కింది కూడా ఈ కుటుంబానికి చెందిన ఇంజనే. దీనికి కంపెనీ పెట్టిన కనీస ఆయిల్ ప్రెషర్ ఎంతో వింటే చాలామంది ఓనర్లు నమ్మరు. వేడెక్కిన ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు 10 పీఎస్ఐ, పూర్తి స్పీడు దగ్గర 30 పీఎస్ఐ. కేజీల్లో చెప్పుకుంటే స్లోలో 0.7, పైన 2.1. పొద్దున్నే చల్లటి ఇంజన్ మీద నాలుగు కేజీలు చూపించిన ముల్లు, మధ్యాహ్నం డాబా ముందు ఆగినప్పుడు ఒక కేజీ దగ్గర నిలబడితే గుండె జారిపోవాల్సిన పనిలేదన్నమాట.

అంత తేడా ఎందుకంటే, ఆయిల్ వేడికి పలచబడుతుంది. మామూలుగా వాడే 15డబ్ల్యు-40 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు వచ్చేసరికి ఏడో వంతో ఎనిమిదో వంతో మాత్రమే మిగులుతుంది. ఇది ఆయిల్ లోపం కాదు, స్వభావం. అందుకే చల్లటి ఇంజన్ మీద తీసిన రీడింగుకు జబ్బు కనిపెట్టే విషయంలో విలువ దాదాపు సున్నా.

అసలు ఆ ముల్లు దేన్ని కొలుస్తోంది? క్రాంకును ఆ ప్రెషరే పైకెత్తి మోస్తోందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదని 1880లలోనే తేలిపోయింది. బోషాంప్ టవర్ అనే ఇంజనీరు ఇంగ్లండ్‌లో మెకానికల్ ఇంజనీర్ల సంస్థ కోసం రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేసి, 1883లో తొలి నివేదిక ఇచ్చాడు. ఆయిల్ పోయడానికని బేరింగు పైభాగంలో ఒక రంధ్రం వేయిస్తే, ఇరుసు తిరుగుతున్నప్పుడు ఆయిల్ లోపలికి పోవడం మాని ఆ రంధ్రంలోంచి పైకి తన్నుకొచ్చింది. బిరడా బిగిస్తే బిరడాను నెట్టేసింది. అక్కడ గేజి పెట్టి చూస్తే 200 పీఎస్ఐ దాటింది. ఆ గేజి చాల్లేదు. అక్కడ ఏ పంపూ లేదు. తిరుగుతున్న ఇరుసే ఆయిల్‌ను ఇరుకులోకి లాక్కుని అంత ఒత్తిడి పుట్టించింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం కట్టాడు. నేటి బేరింగు లెక్కలన్నిటికీ పునాది అదే.

క్రాంకును మోసేది తన తిరుగుడుతో తానే పుట్టించుకునే ఆయిల్ పొర. పంపు పని ఆ పొరకు ఆయిల్ తరగకుండా అందించడం. మీటరులో కనిపించే కేజీలు, అలా పంపిన ఆయిల్ బేరింగుల సందుల్లోంచి బయటపడటానికి ఎంత ఇబ్బంది పడుతోందో చెబుతాయి. కాబట్టి ముల్లు పడిందంటే కారణం మూడు చోట్ల వెతకాలి. పంపు తక్కువ తోడుతూ ఉండాలి, లేదా ఆయిల్ పలచబడి ఉండాలి, లేదా సందులు పెద్దవై ఉండాలి. ఇంజన్ దింపాల్సిన అవసరం ఈ మూడోదానికే వస్తుంది. అయినా మన షెడ్లలో అందరూ మొదలుపెట్టేది అక్కణ్నుంచే.

అలాగని మూడోదాన్ని తేలిగ్గా తీసేయడానికీ లేదు. సందులోంచి జారిపోయే ఆయిల్ ఆ సందు కొలతకు ఘనం చొప్పున పెరుగుతుంది. అంటే 0.06 మిల్లీమీటర్లుండాల్సిన సందు అరిగి 0.12 అయితే, బయటికి పోయే ఆయిల్ రెండింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. బాగా అరిగిన బేరింగుల ముందు కొత్త పంపు వేసినా ఏమీ ఒరగదు. ఆ అరుగుదల ఉందో లేదో తెలుసుకునే దారి వేరే ఉందన్నదే ఇక్కడి మాట.

మొదటి అనుమానితుడు మీటరే. డాష్‌బోర్డు మీద ముల్లును ఆడించేది ఆయిల్ గ్యాలరీకి బిగించిన చిన్న సెన్సర్, దాన్నుంచి వచ్చే తీగ, ఆ తీగకు దొరికే ఎర్త్. పదిహేనేళ్ల బండిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి తుప్పు పట్టకుండా ఉంటే అదే వింత. సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో నేరుగా ఆయిల్‌తో పనిచేసే మెకానికల్ గేజి బిగిస్తే నిజం బయటపడుతుంది. గేజి, పైపు, ఒకటి రెండు అడాప్టర్లు. ఏ పనిముట్ల దుకాణంలోనైనా దొరికేవే. బండిని ముప్పై నలభై కిలోమీటర్లు నడిపి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక స్లోలో ఒకసారి, ఎక్సలేటర్ తొక్కి పట్టి ఒకసారి రీడింగు తీయాలి. రెండు అంకెలూ మాన్యువల్ చెప్పిన కనీసం కంటే పైనుంటే సంగతి అక్కడితో ముగిసింది. కావాల్సింది కొత్త సెన్సరో, తీగో, సరైన ఎర్తో.

రీడింగు తీసేటప్పుడే చూడాల్సిన ఇంకో అంకె ఉంది, ఇంజన్ ఎన్ని ఆర్పీఎం మీద తిరుగుతోందని. పంపు క్రాంకు మీద ఆధారపడి తిరిగేది, క్రాంకు నెమ్మదిస్తే పంపూ నెమ్మదిస్తుంది. డీజిల్ మిగులుతుందని స్లో స్క్రూ తిప్పి ఐడ్లింగ్ తగ్గించుకునే అలవాటు మన డ్రైవర్లలో బాగా ఉంది. 750 ఉండాల్సిన చోట 550కి దించితే ఆయిల్ ప్రెషర్ పడుతుంది, ఇంజనూ వణుకుతుంది. రెండు జబ్బులూ ఒక్క స్క్రూ దగ్గర పుట్టాయి. దీనికి మందు స్పానరూ స్క్రూడ్రైవరూ. ఇలాంటి బండికి బేరింగులు మార్చిన కథలు చెప్పుకుని నవ్వుకోవడం ఆటోనగర్లో కొత్తేమీ కాదు. నవ్వలేనిది డబ్బు కట్టినవాడొక్కడే.

ఇప్పుడు ఆయిల్ దగ్గరికి వద్దాం. ఈ రెండు జబ్బులనూ కలిపే అసలు ముడి ఇక్కడుంది. ఏదైనా ఒక ఇంజెక్టర్ నాజిల్ సరిగా మూసుకోక కారుతోందనుకుందాం. డీజిల్ మంచులా చిమ్మాల్సింది పోయి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ఆ సిలిండరు సరిగా మండదు, కాబట్టి స్లోలో ఇంజన్ కుంటుతుంది. మండని డీజిల్ సిలిండరు గోడలమీదుగా రింగులు దాటి కిందికి, చాంబరులోని ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పలచబడుతుంది, మీటరు పడుతుంది. డీజిల్ పంపు ప్లంజర్లు అరిగినా ఇదే జరగొచ్చు. ఇంజన్ ఆయిల్‌తోనే తడుస్తూ పనిచేసే ఇన్‌లైన్ పంపుల్లో ప్లంజర్ల పక్కనుంచి జారిన డీజిల్ నేరుగా ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డయాఫ్రం రకం ఫీడ్ పంపు ఉన్నచోట ఆ డయాఫ్రం చిరిగినా అంతే.

దీన్ని పట్టుకోవడానికి పరికరం కూడా అక్కర్లేదు. పొద్దున్నే బండి చదునైన నేల మీద ఉండగా డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీయాలి. పది రోజులుగా ఆయిల్ పోయకపోయినా మట్టం పై గీత దాటి ఉందంటే లోపలికి ఏదో చేరుతోందని అర్థం. చాలామంది డ్రైవర్లు ఇక్కడే బోల్తా పడతారు. నిన్నటిదాకా ఆయిల్ తాగిన బండి తాగడం మానేసిందని సంతోషిస్తారు. తాగడం మానలేదు, డీజిల్‌తో నిండుతోంది. ఆ కడ్డీ చివర వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు నిలవదు, నీళ్లలా జారుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన కొడుతుంది. ఒక చుక్కను అద్దుడు కాగితం మీద వేసి గంట ఆగితే, మధ్యలో నల్లటి మచ్చ చుట్టూ పలచటి, పారదర్శకమైన వలయం వెడల్పుగా పాకుతుంది. ఆ కాగితాన్ని కొత్త ఆయిల్ చుక్క వేసిన కాగితం పక్కన పెట్టి చూస్తే తేడా చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. కాఫీలో పాలు కలిసినట్టు ఆయిల్ తెల్లబడితే మాత్రం అది డీజిల్ పని కాదు, నీళ్లు కలుస్తున్నాయి. హెడ్ గాస్కెట్, ఆయిల్ కూలర్ చూడాలి.

ఆయిల్‌లో డీజిల్ 5 శాతానికి చేరితే ఆ ఆయిల్ పారబోయాల్సిందేనన్నది ల్యాబుల్లో సాధారణంగా పాటించే లెక్క. ఈ దశలో పట్టుకుంటే నాజిల్ మార్చి, ఆయిలూ ఫిల్టరూ మారిస్తే బండి రోడ్డెక్కుతుంది. పట్టుకోకుండా నడిపితే పలచటి ఆయిల్ బేరింగులను నిజంగానే తినేస్తుంది. అప్పుడు ఫోన్లో వచ్చిన ఆ తీర్పు ఆలస్యంగా నిజమవుతుంది.

ఏ నాజిల్ అన్నది ఎలా తెలుస్తుంది? పాత పద్ధతే ఇప్పటికీ మేలైనది. ఇంజన్ స్లోలో తిరుగుతుండగా ఇంజెక్టర్ దగ్గరి హై ప్రెషర్ పైపు నట్టును, పైన గుడ్డ కప్పి, అర చుట్టు వదులు చేస్తారు. డీజిల్ బయటికి పోతుంది, ఆ సిలిండరు పని ఆగిపోతుంది. బాగున్న సిలిండరైతే ఇంజన్ శబ్దం వెంటనే మారుతుంది, స్పీడు పడుతుంది, వణుకు పెరుగుతుంది. నట్టు బిగించగానే మళ్లీ సర్దుకుంటుంది. ఒకటి, రెండు, మూడు అని వరసగా చూసుకుంటూ పోతే ఒకచోట వదులు చేసినా బిగించినా ఇంజన్ ఉలకదు, పలకదు. దొంగ దొరికినట్టే. మంచి మేస్త్రి ఆ క్షణంలో ఇంజన్ వైపు చూడడు. కళ్లు వేరే ఎటో ఉంటాయి, చెవి మాత్రం అక్కడుంటుంది. ఆ ఒక్క ఇంజెక్టర్ విప్పి పంపు షాపులో టెస్టర్ మీద పెట్టి హ్యాండిల్ కొడితే, అది మంచులా చిమ్ముతోందో, చుక్కలు కారుస్తోందో కంటికే కనిపిస్తుంది. చెయ్యి మాత్రం ఆ చిమ్ముడుకు అడ్డం పెట్టకూడదు. 200 బార్లకు పైగా ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది పోటులా కనిపించే ఆ గాయానికి వేలు తీసేయాల్సి వచ్చిన సందర్భాలు వైద్యులకు తెలుసు. ఇంకో హెచ్చరిక: ఈ పద్ధతి పాత మెకానికల్ పంపు బండ్లకే. 1,600 బార్ల దాకా ఒత్తిడి ఉండే కామన్ రైలు ఇంజన్ల మీద ఎవరూ చేయకూడదు.

నాజిళ్లన్నీ బాగుంటే వణుకుకు మిగతా కారణాలు చూడాలి. డీజిల్ లైనులో గాలి పట్టడం, ఫిల్టరు మూసుకుపోవడం, ట్యాంకులో నీళ్లు చేరడం లాంటివి గంటలో తేలే పనులు. ట్యాపెట్ల సందు చూసుకోవాలి. 6బీటీలో ఇన్‌లెట్‌కు 0.25, ఎగ్జాస్ట్‌కు 0.51 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజన్ మౌంటింగ్ రబ్బర్లు చచ్చిపోతే ఇంజన్ బాగానే తిరుగుతున్నా బండంతా ఊగిపోతుంది. దాన్ని కూడా మిస్సింగే అనుకుని పంపు విప్పినవాళ్లున్నారు. వణికే ఇంజన్ స్పీడు నిలకడగా ఉండదు కాబట్టి ఆయిల్ ముల్లు కూడా దానితో పాటే ఊగుతుంది. ముందు వణుకు తగ్గించి తర్వాత ప్రెషర్ కొలవడం తెలివైన పని.

ఈమధ్య డ్రైవర్లూ కుర్ర మేస్త్రీలూ యూట్యూబ్‌లో అమెరికా పికప్పుల వీడియోలు బాగా చూస్తున్నారు. మంచిదే. కానీ అక్కడి పెట్రోలు ఇంజన్లు చాలావాటిలో ట్యాపెట్లు ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేసే హైడ్రాలిక్ రకం. ప్రెషర్ తగ్గితే అవి వదులై టకటకలాడతాయి, వాల్వులు సరిగా తెరుచుకోక ఇంజన్ కుంటుతుంది. అక్కడ "ప్రెషర్ తగ్గింది కాబట్టి వణుకుతోంది" అనడం సబబే. గట్టి ట్యాపెట్లున్న మన పాత డీజిల్ లారీలో ఆ లింకు లేదు. ఇక్కడ చాలాసార్లు వణుకు ముందు, ప్రెషర్ పడటం తర్వాత. ఆ క్రమాన్ని తలకిందులు చేసుకుంటే వైద్యం కూడా తలకిందులవుతుంది.

ఇక ఆయిల్ బాగుంది, ఐడ్లింగ్ సరిగ్గా ఉంది, మెకానికల్ గేజి మీద కూడా ప్రెషర్ తక్కువే ఉందనుకుందాం. అప్పటికీ ఇంజన్ దింపే వేళ కాలేదు. ప్రెషర్‌ను అదుపు చేసే రిలీఫ్ వాల్వు ఉంటుంది. 6బీటీలో అది ఫిల్టరు తలకాయ భాగంలోనే ఉంటుంది కాబట్టి బయటి నుంచే విప్పి చూడొచ్చు. దాని కింద చిన్న చెత్త ముక్క ఇరుక్కున్నా వాల్వు పూర్తిగా మూసుకోదు, ఆయిల్ దారి మళ్లుతుంది. తర్వాత చాంబరు విప్పాలి. చాలా లారీల్లో ఇంజన్ ఉన్నచోట ఉండగానే చాంబరు దిగుతుంది. లోపల జాలీకి మడ్డి పట్టిందా, గాస్కెట్ల బదులు పూసిన పేస్టు ముక్కలు ఊడి వచ్చి అడ్డం పడ్డాయా, సక్షన్ పైపు పగిలి ఆయిల్‌తో పాటు గాలి కూడా లాగుతోందా అన్నది టార్చిలైటు వెలుగులోనే తెలుస్తుంది. ఆ పనిలో పనిగా ఒకటి రెండు బేరింగు క్యాపులు విప్పి చూస్తే చాలు. పైపూత బూడిద రంగులో సమంగా ఉంటే భయం లేదు. పూత పోయి రాగి రంగు బయటపడితే, క్రాంకు మీద గోటికి తగిలే గీతలుంటే ఇక వాదన అనవసరం. దానికి తోడు బ్రీదర్ గొట్టంలోంచి బ్యాక్ కంప్రెషన్ బుసబుసమని తన్నుతుంటే, స్లోలో నీలి పొగ వస్తుంటే, ఆ ఇంజన్ దింపాల్సిందే, బోరు పనికి పంపాల్సిందే. అప్పుడు సందేహించే ఓనరు రేపు రోడ్డు మధ్యలో రాడ్డు బయటికొచ్చిన ఇంజన్‌తో నిలబడతాడు.

ఇంత క్రమం ఉండగా వాడుకలో ఉన్న వైద్యం ఏమిటి? చిక్కటి ఆయిల్ పోయడం. 15డబ్ల్యు-40 తీసేసి 20డబ్ల్యు-50 పోస్తారు, అదీ చాలకపోతే డబ్బాల్లో వచ్చే జిగురు మందు కలుపుతారు. 100 డిగ్రీల దగ్గర 15డబ్ల్యు-40 చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల మధ్య ఉంటుంది, 20డబ్ల్యు-50ది 16.3 నుంచి 21.9. కాబట్టి ముల్లు లేస్తుంది, నిజమే. సందులు మాత్రం అలాగే ఉంటాయి. కొలిచి చూసి, బేరింగుల అరుగుదల ఎంతో తెలుసుకుని, సీజను అయ్యేదాకా నాలుగు నెలలు నెట్టుకొద్దామని తెలిసి తెలిసి చేస్తే అది తప్పు కాదు. పేదవాడి బండికి ఆ వెసులుబాటు ఉండాలి. నాజిల్ కారుతున్న బండికి చిక్కటి ఆయిల్ పోయడం మాత్రం జబ్బును దాచిపెట్టి పెంచడమే. అది కూడా నెల తిరక్కుండా పలచబడుతుంది.

ఈ చిట్కా అసలు రాజ్యం సెకండ్ హ్యాండ్ బజారులో. అమ్మకానికి ముందు రోజు చిక్కటి ఆయిల్ పోసి, చల్లటి ఇంజన్ మీద స్టార్ట్ చేసి మీటరు చూపిస్తే కొనేవాడికి కడుపు నిండిపోతుంది. పాత లారీ కొనేవాళ్లు బండిని గంట సేపు నడిపించి, వేడి మీద స్లోలో మీటరు చూడకుండా అడ్వాన్సు ఇవ్వకూడదు. స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచిన బండిని కాదు, రాత్రంతా ఆగిన బండిని పొద్దున్నే మీ ఎదుటే స్టార్ట్ చేయించుకోవాలి. తెల్ల పొగ ఎంతసేపు వచ్చింది, వణుకు ఎంతసేపటికి తగ్గింది అన్నవి కాగితాల కంటే ఎక్కువ చెబుతాయి.

కొలిచి నిర్ణయించడం పెద్ద సంస్థలకే కుదిరే వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లుంటారు. రైల్వేలను చూడాలి మరి. అమెరికాలో ఒక రైలు కంపెనీ 1940లలోనే డీజిల్ ఇంజన్ల ఆయిల్ నమూనాలను ల్యాబుకు పంపి, అందులోని లోహాల పాళ్లను బట్టి లోపల ఏ భాగం అరుగుతోందో చెప్పడం మొదలుపెట్టింది. మన రైల్వే డీజిల్ షెడ్లలో కూడా ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. సీసం, రాగి పెరిగితే బేరింగులు, ఇనుము పెరిగితే లైనర్లూ రింగులూ అని అనుమానిస్తారు. లోకో ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ హద్దు దాటి పడితే ఒక స్విచ్ ఇంజన్‌ను దానంతట అదే ఆపేస్తుంది. లారీలో ఆ పని చేయాల్సింది డ్రైవరు. ఎర్ర లైటు వెలిగి, ముల్లు సున్నాకు పోతే తర్వాతి ఊరు దాకా లాగుదామనుకోవడం ఆత్మహత్యే. పక్కకు తీసి ఆపాలి. చాలా ఇంజన్లు చచ్చింది ఆ చివరి పది కిలోమీటర్లలోనే.

ల్యాబు లేకపోయినా లెక్క ఉంచుకోవచ్చు. ఆర్టీసీ డిపోల్లో ప్రతి బస్సుకూ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో రాస్తారు, డ్రైవరు లోపం చెబితే అది షీటు మీదికి ఎక్కుతుంది. ఒంటి లారీ ఓనరు దగ్గర ఇంజన్ గురించి ఇలాంటి లెక్క కనిపించడం అరుదు. ఏ నెలలో వేడి మీద ఎంత ప్రెషర్ ఉంది, ఆయిల్ ఎప్పుడు మార్చారు, మధ్యలో ఎంత పోశారు అని డైరీలో ఒక వరస రాసుకుంటే, ముల్లు ఒక్కరోజులో పడిందా, ఏడాదిగా మెల్లగా జారిందా అన్నది తెలుస్తుంది. ఒక్కరోజులో పడితే వాల్వో, జాలీనో, సెన్సరో. మెల్లగా జారితే అరుగుదల. ఆ ఒక్క సమాచారం మేస్త్రికి సగం పని తగ్గిస్తుంది.

తప్పంతా మేస్త్రీల మీదికి నెట్టడం అన్యాయం. మన దగ్గర విప్పినందుకు డబ్బులిస్తారు, బిగించినందుకు ఇస్తారు, సామాను కొన్నందుకు ఇస్తారు. రెండు గంటలు కూర్చుని జబ్బేమిటో కనిపెట్టి, "ఒక నాజిల్ మార్చండి చాలు" అని చెప్పినవాడికి టీ తప్ప ఏమీ ముట్టదు. పైగా "చూసినందుకే డబ్బులా?" అన్న మాట కూడా పడతాడు. అలాంటప్పుడు అతను ఇంజన్ దింపమనక ఇంకేమంటాడు? డాక్టరు ఫీజు, రక్తపరీక్ష ఫీజు మారుమాట లేకుండా కట్టే మనిషే ఇక్కడ పరీక్షకు డబ్బంటే గింజుకుంటాడు. ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ఏడాది కోర్సు, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్ల కోర్సు ఉన్నాయి. వాటిలో మైక్రోమీటరు, డయల్ గేజి, కంప్రెషన్ గేజి వాడటం నేర్పుతారు. బయటికొచ్చి షెడ్డులో చేరిన కుర్రాడి చేతికి ఆ పరికరాలు మళ్లీ కనిపించవు, ఎందుకంటే వాటివల్ల షెడ్డుకు పైసా రాదు.

మరోవైపు పాత బండి ఖర్చు పెరుగుతూనే ఉంది. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన భారీ వాణిజ్య వాహనాల ఫిట్‌నెస్ రెన్యువల్ ఫీజును కేంద్రం 12,500 రూపాయలకు పెంచింది. పాత బండ్లు తగ్గాలన్నది దాని ఉద్దేశం. దానిమీద వాదన వేరే ఉంది. ఫిట్‌నెస్ పరీక్షలో బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు. బేరింగులను ఎవరూ చూడరు. లోపలి ఆరోగ్యం ఓనరు బాధ్యత, అది సబబు కూడా. పాత బండిని ఉంచుకోవాలా, తుక్కుకు ఇవ్వాలా అన్న లెక్క వేసుకునేవాడికి మొదట కావాల్సింది ఆ ఇంజన్‌లో ఇంకెంత ఆయుష్షు ఉందన్న నిజం. ఆ నిజం ఫోన్లో వచ్చే తీర్పుతో తెలియదు.

లారీ ఓనర్ల సంఘాలూ ఆటోనగర్ సంఘాలూ తలచుకుంటే ఇది కష్టమైన పని కాదు. సంఘం ఆఫీసులో ఒక మెకానికల్ ప్రెషర్ గేజి సెట్టు, డీజిల్ కంప్రెషన్ టెస్టర్, ఆర్పీఎం మీటరు, నాజిల్ టెస్టర్ ఉంచి, వాటిని వాడగల ఐటీఐ కుర్రాడిని ఒకడిని జీతమిచ్చి పెట్టుకుంటే చాలు. పరీక్షకు ఇంతని రేటు కట్టి, రీడింగులు కాగితం మీద రాసివ్వాలి. ఓనర్లు కూడా ఒక పట్టు పట్టాలి. వేడి మీద స్లోలో ప్రెషర్ ఎంత, అప్పుడు ఆర్పీఎం ఎంత, ఏ సిలిండరు పని చేయడం లేదు అన్న మూడు సంగతులూ రాసిచ్చేదాకా ఇంజన్ బోల్టు మీద స్పానర్ పెట్టనివ్వకండి. ఆ మూడూ రాసిచ్చిన మేస్త్రికి, పని చేయించినా చేయించకపోయినా, పరీక్ష డబ్బులు అడగకముందే ఇచ్చేయండి.